పదిహేడో భాగంలో పోయిన పన్నెండు నిమిషాలు

మా అత్తగారింట్లో టీవీలో రాని ప్రకటనల కోసం కూడా సీరియల్ ఆపి లేచిపోతారు.

నేను కల్పించి చెప్పడం లేదు. ఆదివారం సాయంత్రం ఐదింటికి టీవీని కిటికీలోంచి అరుగు మీదికి కూడా కనిపించేలా జరుపుతారు. లోపల మేము, బయట పక్కింటివాళ్లు. యూట్యూబులో ‘మూడో వాటా’ మొదలవుతుంది. మధ్యలో ప్రకటనలు రాకూడదని మా మామయ్య కిషోర్ బాబు గారు నెలనెలా డబ్బు కట్టి మరీ చూస్తారు. అయినా సరిగ్గా తొమ్మిదో నిమిషంలో రిమోటు నొక్కి ఆపేస్తారు. ఒకరు మంచినీళ్లకి పోతారు, ఒకరు పెరట్లోకి పోతారు. మా అత్తయ్య ఆనందకుమారి గారు ముప్పై ఏళ్ల కిందటి సబ్బు ప్రకటన పాట మొదటినుంచి చివరిదాకా పాడతారు. పాట అయిపోగానే అందరూ వచ్చి కూర్చుంటారు.

పెళ్లయిన మొదటి ఆదివారం, “ఎందుకు ఆపినారు అత్తయ్యా?” అని అడిగాను.

“ప్రకటనలు వచ్చినాయి గదమ్మా,” అన్నారావిడ, నాకు కళ్లు సరిగా కనిపించవేమోనన్నంత జాలిగా.

నేను నవ్వని మనిషిని కాదు. మా పుట్టింటి ఊరు సంగంలో మా నాన్న, “దీనికి దోమ కుట్టినా నవ్వే,” అని విసుక్కునేవాడు. ముత్తుకూరుకి కోడలిగా వచ్చి ఆరు వారాలైంది. ఇప్పటికీ నాకు ప్రతిదీ పండగలాగే ఉంది. స్టీలు క్యారేజీ మీద ‘హెబ్రోను, అబిగయీలు’ అని చుక్కలు చుక్కలుగా చెక్కించిన మా పేర్లు చూస్తే సంతోషం. మా ఆయన హెబ్రోను కరెంటు ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చినప్పుడు నుదుటి మీద హెల్మెట్టు గీత ఎర్రగా పడి ఉంటుంది. దాన్ని వేలితో రుద్దితే ఆయన కళ్లు మూసుకుంటాడు. అదొక సంతోషం. ఇన్నిటికి మురిసిపోయే నాకు ఆ ఒక్క సీరియల్ దగ్గర మాత్రం నవ్వు రాదు.

వస్తేనే వింత! జోకు రాకముందే పదిమంది చెప్పేస్తారు. చెప్పి, టీవీ వైపు చూడరు, నా ముఖం వైపు చూస్తారు. “ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు,” అంటారు అత్తయ్య. “వచ్చిందా నవ్వు?” అంటారు మామయ్య. అరుగు మీదినుంచి పక్కింటి అంకాలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని, “ఏం కోడలో, నోరు తెరవదు,” అంటుంది. అంతమంది కాపలా కాస్తుంటే నవ్వు ఎక్కడినుంచి వస్తుంది?

ఈ సీరియల్ చరిత్ర నాకు ఇష్టం లేకపోయినా కంఠతా వచ్చేసింది. తొంభై మూడులో దూరదర్శన్‌లో యాభై రెండు ఆదివారాలు వచ్చిందట. పట్నంలో ఒక పాత మేడ ఇల్లు, కింద మూడు వాటాలు, ఒక కుళాయి. మొదటి వాటాలో ఇంటి ఓనరు పట్టాభి, రెండో వాటాలో టైపిస్టు సుగుణ, ఆమె తల్లి. మూడో వాటాలో సాంబమూర్తి అనే పెళ్లికాని గుమాస్తా. అతని వాటాకి తలుపు లేదు, గోనెపట్టా తెర మాత్రమే. ఎవరు తెర తీసి లోపలికి వచ్చినా, “తలుపు కొట్టి రావాలని తెలీదా?” అంటాడు. అంతే జోకు. యాభై రెండు వారాలూ అదే. దాన్ని దూరదర్శన్ రెండుసార్లు వేసింది, తర్వాత ఏదో ప్రైవేటు చానెల్ మధ్యాహ్నాలు వేసింది, గూడూరు స్టేషన్ బయట సీడీలు అమ్మారు. ఇప్పుడు యూట్యూబులో లక్షలమంది చూస్తున్నారు. వీడియో కింద కువైట్‌నుంచి ఒకాయన, “డ్యూటీ నుంచి వచ్చి రోజూ ఒక భాగం చూసి పడుకుంటా,” అని రాశాడు. పట్టాభి ముఖం వాట్సాప్ స్టిక్కరైంది. “ఎప్పుడొస్తారు?” అని నేను మెసేజి పెడితే మా ఆయన దగ్గరినుంచి పట్టాభి గుడ్లురిమి చూస్తూ వస్తాడు.

ఎందుకింత పిచ్చి అని చిరాకులోనే ఆలోచించాను. ఆ ఇంట్లో ఎవరూ బాగుపడరు, ఎవరూ చెడిపోరు. సాంబమూర్తికి చివరిదాకా తలుపు రాదు, పెళ్లి కాదు. పట్టాభి ఒక్కసారి కూడా కుళాయి బాగు చేయించడు. ఎప్పుడు తెర తీసి చూసినా వాళ్లు అక్కడే ఉంటారు. అది మనుషులకి ధైర్యం కాబోలు. నాకు మాత్రం నా సొంత గదికి తలుపు ఉండి కూడా లేనట్టే అయింది. కొత్త దంపతుల గదిలోకి అత్తయ్య ఉతికిన దుప్పట్లతో వస్తారు, మామయ్య కళ్లజోడు వెతుక్కుంటూ వస్తారు. వచ్చినవాళ్లు వాళ్లే, “తలుపు కొట్టి రావాలని తెలీదా?” అని నవ్వుకుంటూ పోతారు.

మా ఆయనకి నెలకి ఒక్క ఆదివారమే సెలవు. మొదటి సెలవు చుట్టాల ఇళ్లలో భోజనాలకే సరిపోయింది. రెండోది ఈ వారం. పెళ్లైన దగ్గరినుంచి మేమిద్దరం ఒంటరిగా వీధి చివరిదాకా కూడా నడవలేదు. గురువారం అన్నం పెడుతూ అన్నాను.

“ఆదివారం సాయంత్రం కోడూరు బీచికి పోదాం. బండి మీద. మనిద్దరమే.”

“ఈ ఆదివారమా?” ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “ఈ ఆదివారం పదిహేడో భాగం, అబీ.”

‘ఈ ఆదివారం మా చెల్లెలి పెళ్లి’ అన్నంత గంభీరంగా చెప్పాడు ఆ మాట.

“అయితే?”

“అయితే ఏంది? ఈసారి నీ వంతు గదా!”

అప్పుడు తెలిసింది అసలు సంగతి. మొదటిసారి పదిహేడో భాగం వచ్చిన రోజు, సరిగ్గా మధ్యలో కరెంటు పోయిందట. ఆ రోజుల్లో ఈ వీధిలో టీవీ మా ఇంట్లోనే. పెళ్లికాని మామయ్య అప్పుడు కొత్తగా చేరిన లైన్‌మ్యాన్. గాలికి తీగ తెగింది. వీధంతా ఆయన మీద పడి, “పో, పో,” అని తరిమితే, పరుగెత్తి స్తంభం ఎక్కి బాగు చేసి వచ్చేసరికి పన్నెండు నిమిషాలైంది. కరెంటు పోయే ముందు సాంబమూర్తి పెళ్లిచూపుల కోసం ఓనరు బాత్రూం తలుపు పీకి తన వాటాకి బిగించుకుంటున్నాడు. కరెంటు వచ్చేసరికి తలుపు మళ్లీ బాత్రూముకే ఉంది. పెళ్లికూతురి తండ్రి మేడ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన మేడెందుకు ఎక్కాడో ఎవరికీ తెలియలేదు. ఈ పన్నెండు నిమిషాలూ అరుగు మీద ఉన్న ముత్యాలయ్య, అంటే అంకాలమ్మ భర్త, పడవల మీద వేటకు పోయే మనిషి, తన సొంతంగా కథ కల్పించి చెప్పాడు. పెళ్లికూతురి తండ్రి తెచ్చిన పీతల బుట్ట బోర్లా పడి, పీతలు తరిమితే ఆయన మేడెక్కాడట. వీధి వీధంతా కింద పడి నవ్విందట. స్తంభం మీదున్న మామయ్యకి నవ్వులు వినపడ్డాయి గాని కథ వినపడలేదు.

అప్పటినుంచి ఏటా పదిహేడో భాగం వచ్చిన రోజు మామయ్య ఆ చోట వసారాలోని పాత పింగాణీ ఫ్యూజు పీకి చేత్తో పట్టుకుని నిలబడతారు. ఇల్లంతా కొత్త స్విచ్చులు వేయించినా ఆ ఒక్క ఫ్యూజు మార్చనివ్వలేదు. ఆ పన్నెండు నిమిషాలూ ఎవరో ఒకరు కథ చెప్పాలి. ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే ఆ ఏడు వాళ్లే చెప్పాలి. తర్వాత ఫ్యూజు పెట్టి, వీడియోని పన్నెండు నిమిషాలు ముందుకు జరిపి మిగతాది చూస్తారు. అసలు జరిగిందేమిటో ముప్పై ఏళ్లలో ఈ వీధిలో ఒక్కరు కూడా చూడలేదు. ఫోనులో వేలితో నొక్కితే వస్తుంది. నొక్కరు!

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేరుగా మామయ్య దగ్గరికి పోయాను.

“మామయ్యా, నేను కథ చెప్తాను. దానికి బదులు ఆయన సెలవు ఆదివారాలు మా ఇద్దరికీ వదిలేయండి. ఈసారి కాదు, ముందు ముందు అన్నీ.”

మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఇస్తానమ్మా. కానీ ఉత్తగనా? అంకాలమ్మ నవ్వాల.”

“అంకాలమ్మ నవ్వాలనా!” అన్నారు వంటింట్లోంచి అత్తయ్య. “నేను కోడలిగా వచ్చిన ఏడు కందిరీగలు తరిమినాయని చెప్తే నవ్వలా. గూడూరులో ఉండే మీ తోడికోడలు ఏంజెలిన్ ఏడ్చినంత పని చేసింది, అప్పుడూ నవ్వలా. మొగుడు చెప్పిన పీతల కథకి తప్ప దేనికీ నవ్వదు ఆమె.”

“నవ్వకపోతే?” అన్నాను.

“నవ్వకపోతే ఏముంది, మాతోపాటే కూర్చో,” అన్నారు మామయ్య, అదేదో వరమైనట్టు.

నేను బీఎస్సీ చదివినదాన్ని. ఊహించుకుంటూ కూర్చోవడమెందుకు, అసలు కథ ఉండగా? శనివారం మధ్యాహ్నం మేడ మెట్ల మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ పన్నెండు నిమిషాలూ చూశాను. చూశాక ఫోను విసిరేయాలనిపించింది. అందులో ఏడు నిమిషాలు సాంబమూర్తి పెళ్లి గురించి గోడతో మాట్లాడతాడు. పట్టాభి వచ్చి మర్యాదగా తలుపడిగి తీసుకుపోతాడు. పెళ్లికూతురి తండ్రి, “పైనుంచి ఊరు కనిపిస్తుందా?” అని అడిగి మెట్లెక్కి పోతాడు. అంతే. ముప్పై ఏళ్లుగా ఈ వీధి ప్రాణం పెట్టి కాపాడుకుంటున్నది ఇదీ!

అయినా నిజం నిజమే కదా, నాలుగు మాటలు కలిపి చెప్తే సరిపోతుందనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఆదివారం అరుగు నిండిపోయింది. ముత్యాలయ్య ఉతికిన లుంగీ కట్టుకుని వచ్చాడు. అంకాలమ్మ కిటికీకి ఆనుకుని, నోరు బిగించి, ఎండుచేపల రేటు అడగడానికి వచ్చినదానిలా కూర్చుంది. సాంబమూర్తి తలుపు పీకాడు. మామయ్య వసారాలోకి పోయి ఫ్యూజు పీకారు. ఫ్యాను ఆగింది. అందరూ నా వైపు తిరిగారు.

నేను మొదలుపెట్టాను. గోడతో మాట్లాడటం చెప్పాను. పట్టాభి తలుపడగటం చెప్పాను. ఒక్కరు నవ్వలేదు. “ఊరు కనిపిస్తుందా అని చూసేదానికి ఆయన మేడెక్కినాడు,” అని ముగించాను.

ముత్యాలయ్య ముక్కు మీద వేలేసుకున్నాడు.

“ఊరు చూసేదానికా?” అన్నాడు ముత్యాలయ్య. “పెళ్లిచూపులకి వచ్చినోడు ఊరు చూస్తాడా? ఊరు చూసేదానికి బస్సెక్కుతారు గాని మేడెక్కుతారా?”

“అట్టా జరగలేదు,” అంది అంకాలమ్మ ఖచ్చితంగా.

“అట్టానే జరిగింది అత్తా! నేను ఫోనులో చూసినా! అసలుది చూసే చెప్తుండా!”

చూశానన్న మాట వినగానే హాల్లో గొల్లున గోల లేచింది. “చూసినావా?” అన్నారు అత్తయ్య, గుండె మీద చెయ్యి పెట్టుకుని. “చూసిందంటనే!” అన్నారు అరుగు మీద. మా ఆయన తల పట్టుకున్నాడు. “అబీ, ఎవరైనా చూస్తారా దాన్ని?” అన్నాడు. నా భర్త. నా పక్క మనిషి.

“ఇంగ అయిపాయె,” అంది అంకాలమ్మ లేవబోతూ. “ఫ్యూజు పెట్టు కిషోరూ.”

నా ఆదివారాలన్నీ కళ్లముందే పోతున్నాయి. బండి, సముద్రం, వేయించిన వేరుశనగకాయల పొట్లం, అన్నీ. నాకు ఒళ్లు మండిపోయింది.

“కూర్చో అత్తా!” అన్నాను. గొంతు ఎంత పైకి లేచిందో నాకే తెలియలేదు. అంకాలమ్మ కూర్చుంది. “ఆయన మేడెందుకు ఎక్కినాడో నేను చెప్తా వినండి. నాకు బాగా తెలుసు. పాపం ఆ మనిషి కూతురికి సంబంధం చూసేదానికి వచ్చినాడు. వచ్చి కూర్చున్నాడో లేదో ఒకాయన వసారాలో ఫ్యూజు పీకి చేత్తో పట్టుకోని నిలబడినాడు. ‘ఎందుకు సామీ?’ అంటే, ‘గాలి వచ్చింది గదా,’ అన్నాడు. ‘ఎప్పుడు వచ్చింది?’ అంటే, ‘ముప్పై ఏళ్ల కింద,’ అన్నాడు.”

ఎవరో కిసుక్కుమన్నారు. నేను పట్టించుకోలేదు. నా కోపం నాది.

“కాఫీ తాగబోయినాడు. గ్లాసు నోటి దగ్గర పెట్టంగానే ఒకామె లేచి సబ్బు పాట ఎత్తుకుంది. పాట అయ్యేదాకా కాఫీ తాగకూడదంట! పాట అయిపాయె, కాఫీ చల్లారిపాయె. సరేలే అని నవ్వబోయినాడు. కిటికీలోంచి ఇంకొకామె తల పెట్టి, ‘నవ్వు వచ్చిందా, ఇంకా రాలేదా, ఎప్పుడు వస్తుంది?’ అని అడిగింది, నెల్లూరు బస్సు వచ్చిందా అన్నట్టు. వచ్చే నవ్వు కూడా వెనక్కి తిరిగి పోయింది. ఒక్క నిమిషం తల వాల్చుకుందామని లోపలి గదిలోకి పోతే, ఒకామె దుప్పట్లతో వచ్చింది, ఒకాయన కళ్లజోడు కోసం వచ్చినాడు. ఆ కళ్లజోడు ముక్కు మీదనే ఉండాది! అందరూ వచ్చేసి, అందరూ ఆయన్నే తిడతారు, తలుపు కొట్టలేదని! ఆయన మంచం మీద పడుకోనుంటే తలుపు ఎట్టా కొడతాడు?”

మామయ్య నవ్వు కనపడకుండా ఫ్యూజు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆపలేదు.

“పెళ్లికొడుక్కి చెప్పుకుందామని పోయినాడు. ‘అబ్బయ్యా, ఒక్క మాట మనిద్దరం వేరేగా మాట్లాడుకుందాం,’ అన్నాడు. పెళ్లికొడుకు ఏమన్నాడు? ఏమీ అనలే. పట్టాభి బొమ్మ తీసి చూపించినాడు!” మా ఆయన వైపు వేలు చూపించాను. “అప్పుడు ఆ పెద్దమనిషి ఇల్లంతా తిరిగినాడు. హాల్లో మనుషులు. పెరట్లో మనుషులు. అరుగు మీద ఇసకేస్తే రాలనంతమంది మనుషులు. ఎవురూ లేని చోటు ఒక్కటే కనిపించింది, మేడ! గబగబా ఎక్కి కూర్చున్నాడు. కింద నుంచి, ‘దిగండి, పిల్లనిస్తారా లేదా చెప్పండి,’ అని అడిగితే, ‘పిల్లని ఇయ్యను. మంచం ఇయ్యండి, నేను ఈడనే ఉంటా,’ అన్నాడు!”

ముందు ఒక వింత శబ్దం వినపడింది, పాత పంపు నీళ్లు పట్టుకునే ముందు చేసే శబ్దంలాంటిది. అది అంకాలమ్మ. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. పక్కన కూర్చున్న ముత్యాలయ్య వీపు మీద రెండు చేతులతో బాదుతూ, “నెల్లూరు బస్సంట! నన్నేనయ్యా అంటుండాది!” అని కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వింది. దెబ్బలు తింటూ ముత్యాలయ్య నవ్వాడు. అత్తయ్య సోఫా మీదినుంచి జారారు. మామయ్య గుమ్మానికి ఆనుకుని అలాగే కింద కూర్చున్నారు, ఫ్యూజు ఒళ్లో పెట్టుకుని. అది మళ్లీ పెట్టాలన్న సంగతి అరగంటదాకా ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చెమటలో, ఆ ఉక్కలో, పెళ్లైన తర్వాత మొదటిసారి ఆ టీవీ ముందు నేను కూడా నవ్వాను. టీవీ ఆగిపోయి ఉంది గనుక నవ్వాను, అది వేరే సంగతి.

గెలిచాననుకున్నాను. మామయ్య మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున వీధిలో అందరినీ పిలిచి చెప్పారు. “మా కోడలికి ఆదివారం ఇస్తానని మాట ఇచ్చినా. కానీ ఈ పిల్ల లేకుండా సీరియల్ ఏం బాగుంటుంది? అందుకని ఇంగ మీదట శనివారాలు చూద్దాం.”

ముప్పై ఏళ్ల ఆదివారం నా కోసం శనివారమైంది. అంకాలమ్మ కూడా ఒప్పుకుంది. నాకు కళ్లు చెమర్చాయి. ఆ వచ్చే నెల సెలవు ఆదివారం కోసం నీలం చీర ఇస్త్రీ చేసి, తలుపు వెనక తగిలించి, వారం రోజులు చూసుకుంటూ గడిపాను.

ఆ రోజు నాలుగింటికి మల్లెపూలు పెట్టుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో హజరత్తయ్య ఆటో నిలబడి ఉంది. లోపల మామయ్య, అత్తయ్య, అంకాలమ్మ, ముత్యాలయ్య. అత్తయ్య ఒళ్లో ఉడకబెట్టిన వేరుశనగకాయల గిన్నె.

“మీరెక్కడికి అత్తయ్యా?”

“కోడూరుకేనమ్మా. ఆదివారం పూట ఇంట్లో ఏం జేసేది? సీరియల్ నిన్ననే చూసేస్తిమి గదా!”

“సముద్రం చూసేదానికి ఆటో కట్టించుకోని పోయినోడు యాడన్నా ఉండాడా?” అని విసుక్కుంటున్నాడు ముత్యాలయ్య. ఆయన పొద్దున్నే సముద్రం మీదినుంచే వచ్చాడు.

బండి మీద మేము ముందు, వెనకే ఆటో. దారి పొడుగునా అత్తయ్య, “మెల్లగా పోనీ నాయనా!” అని అరుస్తూనే ఉన్నారు. బీచిలో సరుగుడు చెట్ల పక్క చాప పరిచారు. నేను, ఆయన కాళ్లు తడుపుకోవడానికి పది అడుగులు వేశామో లేదో వెనకనుంచి పిలుపులు. చెప్పులు జాగ్రత్త అని ఒకరు. లోపలికి పోవద్దని ఒకరు. “అమ్మా అబీ, ఒకసారి ఇట్టా రా,” అన్నారు మామయ్య. పోతే, “ఈ వేరుశనగకాయలాయనకి ఆ మేడ సంగతి ఒకసారి చెప్పు,” అన్నారు. కాయలబండాయన అప్పటికే నవ్వడానికి సిద్ధంగా నోరు తెరిచి నిలబడి ఉన్నాడు.

చెప్పలేదు. తడిసిన కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, మామయ్య ఎదురుగా నిలబడ్డాను.

“మామయ్యా, సీరియల్‌ని మళ్లీ ఆదివారానికే పెట్టండి.”

“అదేందమ్మా? నువ్వే గదా...”

“నేనే. తప్పు నాదే. ముప్పై ఏళ్ల పద్ధతి మార్చకూడదు. ఆదివారం ఐదింటికే చూడాలి. ప్రకటనలు కూడా వదలకూడదు. అందరూ ఇంట్లోనే ఉండాలి. ఒక్కరు కూడా బయటికి కదలకూడదు.” ఊపిరి తీసుకున్నాను. “ఆయన సెలవు రోజున మేమిద్దరం తప్ప.”

మామయ్య నా వైపు చూశారు. బండి వైపు చూశారు. ఆటో వైపు చూశారు. ఆయన ముఖంలో మెల్లగా ఏదో వెలిగింది.

“ఓరి దేవుడా,” అని అత్తయ్య వైపు తిరిగారు. “లెయ్. లెయ్యండి అందరూ.”

“ఇప్పుడే గదా వచ్చింది!” అన్నారు అత్తయ్య.

“ఇప్పుడే పోదాం. పదిహేడో భాగం రోజు మాత్రం నువ్వు ఉండాలమ్మా,” అన్నారు నాతో, చాప మడుస్తూ.

“ఆ రోజు ఉంటాను మామయ్యా. పండగలాగా ఉంటాను.”

“నేను ముందరే చెప్తిని,” అన్నాడు ముత్యాలయ్య ఆటో ఎక్కుతూ. “సముద్రం యాడికీ పోదు, సీరియల్ చూద్దామని.” అంకాలమ్మ నా చేతిలో దోసెడు కాయలు పోసి, బుగ్గ గిల్లి పోయింది.

ఆటో ఇసక దారి దాటి, సరుగుడు చెట్ల మధ్య మలుపు తిరిగింది. అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆరు వారాలు, ఇంకో నెల, మొత్తం లెక్కేసుకున్నా మాకు దొరికిన మొదటి సాయంత్రం. నేను ఆయన వైపు తిరిగాను.

మా ఆయన ఆటో పోయిన వైపే చూస్తున్నాడు.

“ఆరున్నరకి ఇంటికి చేరుకుంటారు,” అన్నాడు, కొంచెం దిగులుగా. “ఈ వారం ఏ భాగం పెడతారో...”

చొక్కా కాలరు పట్టుకుని నీళ్లలోకి లాగాను.